ఏ ఊరమ్మా మీది?

మా తోటికోడలు కాపురానికి వస్తూ సారెలో కంప్యూటర్ తెచ్చుకుంది. చలిమిడి, లడ్డూలు, అరిసెలు, ఇత్తడి సామాను, వాటి మధ్య ఒక అట్టపెట్టెలో పాత చీర చుట్టిన మీటల పలక. దాన్ని టీవీకి తగిలిస్తే తెర మీద అక్షరాలు పడతాయి. నరసరావుపేటలో మా వీధి వీధంతా లడ్డూల సంగతి మర్చిపోయి ఆ పలకను చూడటానికి వచ్చారు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఎమ్మెస్సీ లెక్కల పట్టా తెచ్చుకున్నాను. దాన్ని చూడటానికి ఎవరూ రాలేదు.

ఇది ఎనభైల చివరి మాట. ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే కుళ్ళు. అసూయ అని రాస్తే కాస్త మర్యాదగా ఉంటుంది గానీ మా వైపు దాన్ని కుళ్ళనే అంటారు, నాకున్నదీ అదే. ఆమె మంచిది కాకపోతే ఇంత బాధ ఉండేది కాదు. విజయవాడలో పెరిగిన పిల్ల, మెత్తటి మాట, నవ్వు మొహం, నన్ను అక్కా అని తప్ప పిలవదు. ఒక్క తప్పు దొరికితే పట్టుకుందామని చూసేదాన్ని, దొరికేది కాదు.

మా మామగారు పిల్లల డాక్టరు. ఇంటి ముందు భాగం ఆసుపత్రి, వెనక భాగం మేముండే ఇల్లు. మాచర్ల నుంచి, గురజాల నుంచి, క్రోసూరు నుంచి, ఈపూరు నుంచి తల్లులు బిడ్డల్ని భుజాన వేసుకుని బస్సులు దిగి వచ్చేవారు. ఎండాకాలం అయితే వాంతులు, విరోచనాలు. వానలు పడితే దగ్గు, డొక్కలెగరెయ్యటం. ఆయన బిడ్డను చూసి చివర్న కాంపౌండరుతో ఒక్క మాట అనేవారు. "ఉంచు" అంటే వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టి సెలైను ఎక్కించాలి. "పంపు" అంటే మందిచ్చి ఇంటికి పంపాలి.

ఆయనకి కళ్ళల్లో శుక్లాలు వచ్చాయి. హైదరాబాదు వెళ్ళి ఆపరేషను చేయించుకోవాలి, ఆ తర్వాత కూడా కొన్ని వారాలు పేషెంట్లను చూడకూడదు. ఆ వారాలకి గుంటూరు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చేట్టు మాట్లాడారు గానీ అతను మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆసుపత్రిలో మిగిలేది కాంపౌండరు సాయిబు గారొక్కరే. సాయంత్రం పూట వచ్చిన బిడ్డ ఉండాలా, పోవచ్చా అని ఎవరు చెబుతారు? ఒక్క బిడ్డని పొరపాటున పంపిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంట్లో అందరి దిగులూ అదే.

ఆ దిగులు తీర్చే పని తోటికోడలు రాకముందే నేను మొదలుపెట్టాను. లెక్కల మనిషిని కదా, ఆయన బుర్రలో ఉన్న సూత్రాలన్నీ పైకి తీసి, ఇది ఉంటే ఇలా చెయ్యి, అది ఉంటే అలా చెయ్యి అని వరసగా రాసి సాయిబు గారి చేతికిస్తే సరిపోతుందనుకున్నాను. భోజనాల దగ్గర అడిగేదాన్ని. "మామయ్యగారూ, పొద్దున ఆ పిల్లాణ్ణి ఎందుకు ఉంచారు?"

"ఏమోనమ్మా, చూస్తే తెలిసింది."

"ఏం చూస్తే?"

"చూస్తే, అంతే."

ఆయన 'అంతే' అన్నాక ఇంట్లో ఇంకెవరూ మాట్లాడకూడదు. నేను ఊహించుకుని రాసిన సూత్రాలు ఆయన మాటతో సగం కూడా కలిసేవి కావు. ఓపీ గదిలో ఆయన బల్ల పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉండేది. నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవులిచ్చినప్పుడు అక్కడ కూర్చుని చూస్తానని అడిగాను. "అడ్డమమ్మాయ్. నువ్వు లోపలికి పో" అన్నారు. పోయాను. ఆ కుర్చీ మీద మందుల కంపెనీ వాళ్ళిచ్చిన కాలెండర్లు పెట్టుకునేవారు.

తోటికోడలు వచ్చాక ఒక వేసవి ఉదయం ఆ కాలెండర్లు తీసి కింద పెట్టి, ఆ కుర్చీలో ఆమె కూర్చుంది. పక్కన మా టీవీ, టీవీకి ఆ పలక. "చిన్నమ్మాయి ఏందో ప్రయోగం చేస్తదంట, చెయ్యనీ" అన్నారు మామయ్యగారు. టీవీ ఓపీ గదిలోకి పోయినందువల్ల ఆదివారం పొద్దున సీరియల్ చూడటానికి నేను పక్కింటికి వెళ్ళాల్సి వచ్చేది. అక్కడ కూర్చుంటే పక్కింటి పిన్ని, "మీ చిన్నది మిషనుకి డాక్టరీ నేర్పుతుందంట గదా!" అనేది. సీరియల్ ఏం జరిగిందో నాకు తలకెక్కేది కాదు.

ఆమె చేసిన పని సంగతి, నాకు అర్థమైనంత వరకు, ఇదీ. బిడ్డ గదిలోకి రాగానే మామయ్యగారు అడిగే ప్రతి ప్రశ్న జవాబునీ మీటలు నొక్కి ఎక్కించేది. జ్వరం ఉందా, పాలు తాగుతున్నాడా, చర్మం పట్టి వదిలితే ముడత నిలుస్తోందా, మాడు గుంట పడిందా, ఇలా. తర్వాత మిషను తనకు తోచింది చెప్పేది, ఉంచు అనో పంపు అనో. అప్పుడు మామయ్యగారు అన్న మాట ఆమె నొక్కేది. రెండూ కలవకపోతే మిషను లోపల ఉన్న తూకాలను తనే కాస్త కాస్త జరుపుకునేది. దేనికి ఎంత బరువివ్వాలో ఎవరూ చెప్పరు, తప్పులు చేసి చేసి అదే సర్దుకుంటుంది. కరెంటు పోతే అంతా పోతుందని గంట గంటకీ టేప్‌రికార్డరు క్యాసెట్‌లోకి ఎక్కించేది.

"లక్షణాల నుంచి తీర్పుకి నేరుగా పోదక్కా. మధ్యలో ఇంకో వరస ఉంటుంది" అంది నాతో.

"ఆ వరసలో ఏముంటాయి?"

"వాటికి పేర్లు లేవు."

"పేర్లు లేకపోవటమేంది?"

"అవి జ్వరమూ కాదు, దగ్గూ కాదు. అన్నీ కలిపి కాచిన కషాయం లాంటివి. అందులో మిరియం ఏదో అల్లం ఏదో విడదీసి చూపించలేం."

వానలు మొదలయ్యేసరికి మిషను మామయ్యగారి కంటే ముందే చెప్పేస్తోంది. ఆయన బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసి ఆలోచిస్తుంటే, తెర మీద మాట పడి ఉండేది. ఆయన నోటివెంట అదే వచ్చేది. సాయిబు గారు మందుల గది కిటికీలోంచి తొంగిచూసి, "మళ్ళా కలిసింది చిన్నమ్మగారూ!" అని కేకేసేవాడు. ఎప్పుడో ఒకసారి తప్పేది. అప్పుడు కూడా మామయ్యగారు, "నేనే తొందరపడ్డానేమో" అనేవారు. నా సూత్రాలు తప్పినప్పుడు ఒక్కసారి కూడా అలా అనలేదు.

"నా బుర్ర ఊడదీసి డబ్బాలో పెట్టిందిరా చిన్నమ్మాయి" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ఆమెకి గదిలోకే కాఫీ వెళ్ళేది. ఆ కాఫీ కలిపేది నేను. చక్కెర తగ్గించి ఇద్దామని చాలాసార్లు అనిపించింది, ఒకటి రెండుసార్లు ఇచ్చాను కూడా. "చాలా బాగుందక్కా" అని తాగేసేది.

ఆపరేషనుకి రోజు నిశ్చయమయ్యాక భోజనాల దగ్గర మామయ్యగారు తేల్చేశారు. తను లేని సాయంత్రాలు సాయిబు గారు మిషను ముందు కూర్చుంటాడు, అడిగినవాటికి జవాబులు నొక్కుతాడు, అది ఉంచమంటే ఉంచుతాడు, పంపమంటే పంపుతాడు. మా ఆయన, మరిది తలలూపారు. నేను ఊపలేదు.

మర్నాడు ఓపీ అయ్యాక గదిలోకి వెళ్ళి తెర మీదున్న పంపు అనే మాట చూపించి అడిగాను. "ఈ బిడ్డని పంపమని ఎందుకంటోంది?"

ఆమె ఏదో మీట నొక్కింది. తెర నిండా అంకెలు, చుక్కలు, చుక్కల తర్వాత అంకెలు. చూసి చూసి ఆమె నవ్వింది. "తెలీదక్కా. కానీ సరిగ్గానే చెబుతుంది."

ఆ 'తెలీదు' వినగానే నాకు ఎండలో చల్లటి మజ్జిగ తాగినట్టయింది. ఆ పూటే అందరూ ఉండగా లేవనెత్తాను. కారణం చెప్పలేని మిషను మాట పట్టుకుని పసిబిడ్డల్ని ఇంటికి పంపేస్తామా, రేపు ఆ తల్లి వచ్చి ఎందుకు పంపావని సాయిబు గారి చొక్కా పట్టుకుంటే ఆయనేం చెప్పాలి అని గట్టిగానే అన్నాను.

"నేను మాత్రం చెబుతన్నానా ఏంది?" అన్నారు మామయ్యగారు. అందరూ నవ్వారు. తోటికోడలు నవ్వలేదు. అదొక మంట నాకు, నవ్వితే తిట్టుకునే వీలైనా ఉండేది.

"అక్క అడిగింది న్యాయమే మామయ్యగారూ. ఇద్దరం కలిసి అడిగి చూస్తాం" అంది.

మధ్యాహ్నాలు ఓపీ గది ఖాళీగా ఉండేది. తలుపులు వేసుకుని ఇద్దరం మిషను ముందు కూర్చునేవాళ్ళం. తను ఆ కుర్చీలో, నేను పేషెంట్లు కూర్చునే బెంచీ మీద. ఆమె మిషనుకి కారణం దొరకాలని ఆమె కోరిక. ఆ కారణం పరమ తెలివితక్కువదై ఉండాలని నా కోరిక.

లోపలి అంకెలు చూసి లాభం లేదని నాకు మొదట్లోనే అర్థమైంది. మనిషి బుర్ర కోసి చూస్తే మాత్రం ఏం కనిపిస్తుంది? కోర్టులో ప్లీడరు సాక్షిని అడిగినట్టు బయటినుంచి అడగాలి. ఒక బిడ్డ సంగతులన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చు. జ్వరం లేదనుకో, అప్పుడేమంటావు? జ్వరం ఉంది గానీ పాలు తాగుతున్నాడనుకో, అప్పుడు? ఏది మారిస్తే మాట తిప్పుతుందో అదే కారణం. ఈ పని చెయ్యటానికి నేను నోటితో చెబితే ఆమె వేళ్ళతో ఒక ప్రోగ్రాం రాసింది. దానికి ఒక మీట కేటాయించాం. తీర్పు రాగానే ఆ మీట నొక్కితే, ఫలానాది ఇలా లేకపోతే నేను వేరేగా చెప్పేదాన్ని అని తెర మీద పడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. మీటకి ఎందుకు అని పేరు పెట్టాను. ఆ ఇంట్లో ఎందుకు అని అడిగితే జవాబిచ్చింది మొదట అదే.

తర్వాత ఇంకొంచెం ముందుకు పోయాం. వచ్చిన కారణాలు కూడగట్టి నేనొక సూత్రం చెప్పేదాన్ని. పాలు తాగకపోతే ఉంచు, అవునా? మిషను తన దగ్గరున్న బిడ్డలందర్నీ వెతికి, ఇదిగో ఇక్కడ పాలు తాగకపోయినా పంపాను అని ఒకణ్ణి చూపించేది. సరే, పాలు తాగకపోతే, చర్మం ముడత కూడా నిలిస్తే ఉంచు, అవునా? ఇంకొకణ్ణి చూపించేది. అత్తాకోడళ్ళ వాదనలా సాగేది. నేను ఒక మెలిక పెట్టటం, అది ఒక మినహాయింపు చూపించటం, నేను మెలిక సవరించటం. నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నాలు నాకు చాలా బాగుండేవి. ఆ సంగతి ఆమెకి తెలియనివ్వలేదు.

సూత్రాలు ఎంత సవరించినా ఒక చోట లెక్క తెగేది కాదు. అచ్చం ఒకే రకం బిడ్డలు ఇద్దరు, అవే విరోచనాలు, అదే కొంచెం ముడత, ఒకణ్ణి ఉంచమంటుంది, ఒకణ్ణి పంపమంటుంది. ఎందుకు మీట నొక్కాను. తెర మీద పడ్డ మాట చూసి ముందు నమ్మలేదు, మళ్ళీ నొక్కాను. ఊరు మాచర్ల కాకపోతే పంపేదాన్ని, అంటోంది. ఊరి పేరు మార్చి గురజాల అని ఇచ్చాను. ఉంచు. పేట అని ఇచ్చాను, మేం నరసరావుపేటని పేట అనే అంటాం. పంపు.

"ఊరు ఎందుకు ఎక్కించావే దీంట్లో?" అన్నాను.

"మామయ్యగారు అందర్నీ మొట్టమొదట అడిగేది అదే కదక్కా. ఏ ఊరమ్మా మీది అని. ఆయన అడిగినవన్నీ ఎక్కించాను."

నాకు పకపకా నవ్వొచ్చింది. పల్నాట్లో గడప తొక్కిన ప్రతివాణ్ణీ ముందు అడిగే మాట అది. మంచినీళ్ళు ఇవ్వటం లాంటిది, ఒట్టి పలకరింపు. నా సూత్రాల్లో దాన్ని రాయాలన్న ఊహ కూడా రాలేదు. ఈ విజయవాడ పిల్ల పలకరింపుని కూడా వైద్యం కింద జమకట్టింది. ఇన్నాళ్ళకి దొరికింది తప్పు. రాత్రి భోజనాల దాకా ఆగటం నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు.

"మామయ్యగారూ, చిన్నమ్మాయి మిషను ప్రకారం మాచర్ల నుంచి రావటం ఒక జబ్బు. మందేమిటో మరి మీరే చెప్పాలి" అన్నాను. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మా ఆయన పొరబోయేలా నవ్వాడు. తోటికోడలు మొహం ఎర్రబడింది. నాకు కడుపు నిండిపోయింది.

మామయ్యగారు మాత్రం చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. కాసేపటికి ఆయనా నవ్వారు గానీ అది వేరే నవ్వు. "అవునే. మాచర్ల వాళ్ళని ఉంచుతా. ఆఖరి బస్సు పోయినాక బిడ్డకి ఎక్కువైతే ఆ తల్లి ఏం చేసుద్ది? యాడికి తీసుకొస్తది? ఈడ ఉంటే నా కళ్ళ ముందర ఉంటది. ఊరు అడిగేది అందుకే. ఇన్నేళ్ళూ అడుగుతన్నా గానీ, అందుకని అడుగుతన్నానని నాకే తెలవలా." అని తోటికోడలి వైపు తిరిగారు. "నాకు తెలవంది కూడా పట్టేసిందే నీ మిషను!"

మర్నాటికల్లా పేట అంతా ఆ కథే. చిన్నమ్మాయి మిషను డాక్టరు గారి మనసులో మాట బయటపెట్టిందని. దాన్ని కిందపడేద్దామని నేను వేసిన ఎత్తు దానికే పట్టాభిషేకం చేసింది. ఆ రోజు కాలేజీలో పాఠం చెబుతూ బోర్డు మీద రెండుసార్లు తప్పు రాశాను.

కుళ్ళులో ఒక గుణముంది, ఓడిపోయినా ఊరుకోనివ్వదు. మాచర్ల వాళ్ళని ఉంచటానికి కారణం తేలింది, సరే. మరి పేట బిడ్డని పంపటానికి కారణమేమిటి? వాడికీ అదే విరోచనం, అదే ముడత. వాడి ఇల్లు దగ్గరైతే జబ్బు తగ్గదు కదా. మధ్యాహ్నం బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని పేట బిడ్డల్ని ఒక్కొక్కర్నే మార్చి మార్చి అడిగాను. ముడత ఎక్కువ చేశాను, పాలు మాన్పించాను. జబ్బు బాగా ముదిరేదాకా పంపు అనే అంటోంది. అదే జబ్బుతో మాచర్ల బిడ్డ అయితే మంచం మీద ఉంటాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం మామయ్యగారు చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి అడిగాను. తోటికోడలు టీవీ మీద గుడ్డ కప్పుతోంది. "పేటవాళ్ళని ఎందుకు పంపేస్తారు మామయ్యగారూ, ఇంత జబ్బుతో?"

"పంపెయ్యటమేంది? నేనెప్పుడు పంపేశా?"

"పంపు అంటారు కదా సాయిబు గారితో. ఆ తల్లితో కూడా, పోయిరా అమ్మా అంటారు."

"అదే గదమ్మా చెప్పేది. పోయి, రా అంటన్నా. పోయి రమ్మని. దీపాలవేళకి మళ్ళా తీసుకొస్తది, మళ్ళా చూస్తా. తగ్గకపోతే అప్పుడు ఉంచుతా."

మా నోట్లో పోయిరా అంటే ఏముంది? గుమ్మం దిగేవాళ్ళతో అనే మాట. పొమ్మని ఉత్తినే అనకూడదు కాబట్టి చివర ఒక రా తగిలిస్తాం. తోటికోడలు కూడా అలాగే విని, పంపు మీట నొక్కి ఊరుకుంది. నేనైనా అంతే చేసేదాన్ని. ఆయన మాత్రం అక్షరాలా అంటున్నారు, పేట తల్లులు అక్షరాలా వింటున్నారు. రోజూ దీపాలవేళ వరండాలో బిడ్డల్ని ఎత్తుకుని నిలబడే ఆడవాళ్ళని నేను చూస్తూనే ఉన్నాను. కొత్త పేషెంట్లనుకున్నాను. వాళ్ళని చూసేటప్పుడు మిషను మీద గుడ్డ కప్పి ఉండేది.

ఆపరేషను ఆ వారంలోనే. మిషను నేర్చుకున్న ప్రతి పంపు వెనకా దీపాలవేళ మామయ్యగారు ఉన్నారు. రేపు ఆయన హైదరాబాదులో కళ్ళకి కట్టుతో పడుకుని ఉంటే మిషను మాత్రం అదే ధైర్యంతో పేట బిడ్డల్ని పంపేస్తుంది. వాళ్ళు మళ్ళీ వస్తారు, చూసేవాళ్ళు ఉండరు. ఆ సంగతి నేను నోరు తెరిచి చెప్పేలోపలే తోటికోడలు ఆ కుర్చీలో కూలబడింది. "బాబోయ్ అక్కా" అంది. నేను కోరుకున్నది ఇదే, ఆమె మొహం ఇలా కావాలని. కానీ సంతోషపడటం మర్చిపోయి బెంచీని మిషను దగ్గరికి లాగాను.

ఆ మిగిలిన రోజులు ఇద్దరం అన్నం కూడా అక్కడే తిన్నాం. మొత్తం కొత్తగా నేర్పటానికి వ్యవధి లేదు. అందుకని మిషను తీర్పుకి బయట ఒక కాపలా పెట్టాం. అది నా సూత్రం, మాటల్లో రాసిన సూత్రం. మిషను పంపు అనగానే మా ప్రోగ్రాం ఊరు మాచర్ల అని మార్చి మళ్ళీ అడుగుతుంది. అప్పుడు ఉంచు అంటే, దాని అర్థం ఈ బిడ్డని మళ్ళీ చూడాల్సి ఉందని. మళ్ళీ చూసేవారు లేరు కాబట్టి ఉంచు అని తెర మీద పడుతుంది, కారణంతో సహా. మాచర్ల అయినా పంపేదాన్నే అంటే నిజంగా పంపవచ్చు. మామయ్యగారు బస్సెక్కే ముందు దాన్ని చూసి, "అయితే అందర్నీ మాచర్ల వాళ్ళని చేసేశారన్నమాట" అన్నారు.

ఆయన వెళ్ళాక ఒక సాయంత్రం మా వెనక వీధి మనిషి, వడ్రంగి వాళ్ళ కోడలు, చంటిబిడ్డతో వచ్చింది. ఉదయం నుంచి విరోచనాలు. సాయిబు గారు ఊరి దగ్గర్నుంచి అన్నీ అడిగి నొక్కాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పంపు అని పడి, వెంటనే చెరిగి, ఉంచు అని వచ్చింది. సాయిబు గారు ఎందుకు మీట నొక్కి పైకి చదివాడు. "మళ్ళీ చూసేవారు లేరు కాబట్టి."

"ఇల్లు ఈడే గదా సాయిబు గారూ, పోయొస్తాలే" అంది ఆ పిల్ల.

"వద్దమ్మా. వచ్చేసరికి చూసేదెవరు?" అన్నాడు ఆయన. సెలైను ఎక్కించారు. చీకటి పడ్డాక బిడ్డ వాలిపోయాడు, కళ్ళు లోపలికి పోయాయి. సెలైను ఎక్కుతూనే ఉంది కాబట్టి తెల్లారేసరికి కళ్ళు తెరిచి తల్లి కొంగు పట్టుకున్నాడు. ఇంటికి పోయి ఉంటే ఏమయ్యేదో సాయిబు గారు నోటితో అనలేదు, గోడవైపు తిరిగి దండం లాంటిది పెట్టుకున్నాడు.

వీధిలో అందరూ చిన్నమ్మాయి మిషను బిడ్డని బతికించిందన్నారు. తోటికోడలు దొరికిన ప్రతి మనిషికీ, "అది అక్క రాసిన సూత్రం, మిషను పంపేసేదే" అని చెప్పింది. నాకు రావాల్సిన పేరు కూడా ఆమె చేతి మీదుగా ప్రసాదం పంచినట్టు నాకు రావటం ఎంత ఒళ్ళుమంటో, పడినవాళ్ళకి తెలుస్తుంది.

మామయ్యగారు నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చి, కొన్నాళ్ళకి ఓపీ మొదలుపెట్టారు. మొదటి రోజు నేను వరండాలో నిలబడి ఉంటే తోటికోడలు గదిలోంచి వచ్చి, "నువ్వు లోపల కూర్చో అక్కా" అంది. నేను రానన్నాను. ఇచ్చేదానివి నువ్వెవరని మనసులో ఉంది. అప్పుడామె గొంతు తగ్గించి చెప్పింది. "నిన్ను అప్పట్లో ఎందుకు కూర్చోనివ్వలేదో మామయ్యగారు మొన్న నాతో అన్నారక్కా. నువ్వు ఎందుకు, ఎందుకు అని అడుగుతావట. పేషెంట్ల ముందు నాకు తెలవదని చెప్పటానికి మొహం చెల్లలేదన్నారు."

అక్కడే నిలబడి, మిషనుని అడిగినట్టు నన్ను నేను అడుక్కున్నాను. ఒక్కటి మార్చి చూడు. ఈ పిల్ల ఈ ఇంటికి రాలేదనుకో, ఆ కుర్చీ నాకు దక్కేదా? దక్కేది కాదు, ఆమె రాకముందూ దక్కలేదు. ఆమెకి ఈ పలక లేదనుకో, ఆయన నాకు కారణాలు చెప్పేవారా? చెప్పేవారు కాదు. ఆమెని ఎన్ని విధాల తీసేసి చూసినా జవాబు మారలేదు. కారణం ఆమె కాదు. లెక్క తేలింది కాబట్టి కుళ్ళు పోవాలి.

పోకపోగా రెట్టింపయింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి నేను అడుగుతున్న జవాబు అది. అడిగిన నాకు చెప్పలేదు. ఏనాడూ అడగని ఆమెకి, నా గురించిన జవాబు, ఆయనంతట ఆయనే చెప్పారు.

విసురుగా లోపలికి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. అప్పుడే ఒక తల్లి బిడ్డతో వచ్చి నిలబడింది. మామయ్యగారు నల్లకళ్ళద్దాలు నా వైపు తిప్పారు. నేను లేవలేదు. ఆయన ఆ తల్లి వైపు తిరిగారు.

"ఏ ఊరమ్మా మీది?"

"గురజాలండీ."

"ఎందుకు మామయ్యగారూ?" అన్నాను నేను, తెలిసే, ఆ పేషెంటు ముందే, గట్టిగా.

సాయిబు గారి తల కిటికీలోంచి బయటికొచ్చింది. మామయ్యగారు బిడ్డ చెయ్యి పట్టుకుని, "ఆఖరి బస్సు సంగతి చూసుకోవాలి గదా పెద్దమ్మాయ్, అందుకు అడుగుతన్నా" అన్నారు. నాతో అన్నారు, నా మొహంలోకి చూసి అన్నారు.

నేను వెంటనే గుమ్మం వైపు చూశాను. తోటికోడలు అక్కడ లేదు, నాకు కాఫీ తేవటానికి లోపలికి వెళ్ళింది. ఆమె గ్లాసు పట్టుకుని వచ్చేదాకా ఆగి, "ఏమన్నారు మామయ్యగారూ, సరిగ్గా వినపడలా" అని ఇంకోసారి అడిగాను.